పీఎంఈ వచ్చేదాకా ఆగకు

చి. మేనల్లుడికి,


బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ కొలువు కోసం వచ్చిన తెలుగు కుటుంబాలు బిలాస్‌పూర్‌లో తరాలుగా ఉంటున్నాయి. పొలంలో ఒళ్ళు వంచిన తాతల కంచం అలాగే మిగిలింది: కుప్పగా తెల్లన్నం, నూనె తేలే ఆవకాయ, పక్కన అప్పడం. మనవళ్ళ పని మాత్రం ఇంజన్ క్యాబ్‌లో కూర్చుని, రాత్రి నిద్ర లేకుండా. రన్నింగ్ రూమ్ (డ్యూటీ మధ్య విశ్రాంతి గది) దాటితే చేతికందేవి సమోసా, తీపి చాయ్. జబ్బుకు దారి పడేది ఇక్కడే.

లోకో పైలట్లకు 45 ఏళ్ళు వచ్చేదాకా పీఎంఈ (రైల్వే వారి నిర్ణీతకాల వైద్య పరీక్ష) నాలుగేళ్ళకోసారే. షుగరూ బీపీ చడీచప్పుడు లేకుండా పెరగడానికి ఆ వ్యవధి చాలు. ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం దేశంలో 10.1 కోట్ల మందికి మధుమేహం ఉంది, మరో 13.6 కోట్ల మంది దాని గుమ్మంలో ఉన్నారు. వెనక్కి మళ్ళడం తేలికయ్యేది ఈ గుమ్మం దగ్గరే. ఇలా గుమ్మంలో ఉన్నవారిపై చెన్నై వైద్యులు 2006లో ప్రచురించిన అధ్యయనంలో, మామూలు సలహాతో సరిపెట్టిన వారిలో మూడేళ్ళకు 55 శాతం మంది మధుమేహంలో పడ్డారు. తిండి మార్చి, నడక పెంచిన వారిలో 39 శాతమే. అదీ మందు బిళ్ళ లేకుండా!

సన్నగా ఉన్నవాళ్ళకు ఈ బెడద లేదనుకోవడం పెద్ద పొరపాటు. బిలాస్‌పూర్‌కి దగ్గర్లో, గనియారీలో ఎయిమ్స్‌లో చదివిన డాక్టర్లు నెలకొల్పిన జన్ స్వాస్థ్య సహయోగ్ ఆసుపత్రి ఉంది. అక్కడికి వచ్చే బక్కపలచని పేదల్లోనూ షుగరు, బీపీ కనిపిస్తున్నాయి. ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 పల్లెల్లో 2003-04లో మరణాలను పరిశీలిస్తే, 32 శాతం గుండె, రక్తనాళాల జబ్బుల వల్లే జరిగాయని తేలింది. పల్లెటూరి బతుకు కూడా కాపాడలేదన్నమాట.

అన్నం మానక్కర్లేదు. సగానికి తగ్గించి, ఆ చోట పప్పు, బుధవారీ బజార్‌లో దొరికే లాల్ భాజీ, చెంచ్ భాజీ లాంటి ఆకుకూరలు నింపాలి. ఉప్పు రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించకూడదు. ఆవకాయలోదీ ఆ లెక్కలోదే. గుట్కా, గుడాఖు లాంటి పొగాకు సరుకు జోలికి అసలు పోవద్దు.

30 నిండినవాళ్ళకు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో షుగరు, బీపీ పరీక్షలు ఉచితం. పరగడుపు షుగరు 100 నుంచి 125 మధ్య ఉంటే అదే గుమ్మం. బీపీ 140/90కి చేరితే డాక్టరు చూడాల్సిందే. మగవాళ్ళ నడుము 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళది 80 దాటకూడదు.

ఈ నెల రెస్టు రోజున వెళ్ళి పరీక్ష చేయించుకో. మీ అమ్మని కూడా వెంట తీసుకెళ్ళు. రిపోర్టులు రాగానే ఫోన్ చెయ్యి.

మీ మామయ్య