సుత్తి జంట
(పరిచయ పాఠం)



"ఒరేయ్, సుత్తి కొట్టకురా!" అని మనం హాస్టల్లో రోజుకు పదిసార్లయినా అంటాం. సుత్తి అంటే మేకులు కొట్టే పనిముట్టు. మేకు నెత్తిన దెబ్బ మీద దెబ్బ పడ్డట్టు, ఎదుటివాడు వదలకుండా మాట్లాడితే అది కూడా సుత్తే. ఈ మాటను ఊరూరా పాకించిన ఇద్దరు నటుల గురించి ఈ వారం తెలుసుకుందాం. ఇద్దరూ మన కృష్ణా జిల్లాతో సంబంధం ఉన్నవారే.

1. వీరు ఎవరు?

ఒకరు మామిడిపల్లి వీరభద్రరావు గారు (1947-1988). విజయవాడ ఆకాశవాణిలో పనిచేశారు. ఆ కేంద్రం 1948 డిసెంబరు 1న మొదలైంది. రేడియో నాటకాలకు దానికి మంచి పేరు.

రెండోవారు కూరుమద్దాలి లక్ష్మీనరసింహారావు గారు (1947-2012). స్వగ్రామం మచిలీపట్నం దగ్గర భోగిరెడ్డిపల్లి. ఇంత పొడుగు పేరు ఎవరికీ తెలియదు. వేలు అంటేనే తెలుసు.

వీరిద్దరినీ జంటగా నిలిపినవారు దర్శకులు జంధ్యాల గారు (1951-2001). ఆయనా విజయవాడలో పెరిగి, నాటకాలు రాసి, సినిమాలకు వెళ్ళినవారే. 1982లో ఆయన తీసిన 'నాలుగు స్తంభాలాట'లో వీరభద్రరావు గారు ఆపకుండా మాట్లాడతారు. వేలు గారు తప్పించుకోలేక వింటారు. జనం పడిపడి నవ్వారు. ఆనాటి నుంచి ఇద్దరి పేర్ల ముందూ 'సుత్తి' చేరిపోయింది.

2. నవ్వు ఎలా పుట్టింది?

రేడియోలో మనిషి కనపడడు. కోపం, భయం, వెటకారం అన్నీ గొంతులోనే పలకాలి. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో, ఏ మాట ముందు ఒక్క క్షణం ఆగాలో తెలియాలి. లేకపోతే వినేవాడు రేడియో కట్టేస్తాడు. వీరభద్రరావు గారి నిండు గొంతు, మాట విరుపు చూస్తే రేడియో మనిషి అని తెలిసిపోతుంది.

మరి వేలు గారి పని ఏమిటి? వినటం! అదేం పని అనుకోవద్దు. చెప్పేవాడి మాట సగం నవ్విస్తే, వినేవాడి ముఖం మిగతా సగం నవ్విస్తుంది. వినేవాడు లేకపోతే సుత్తి గాలిలో కొట్టినట్టే.

3. నవ్వు ఒక్కటేనా?

కాదు. 1985లో టి. కృష్ణ గారి 'ప్రతిఘటన'లో వేలు గారు మతి చెడిన కానిస్టేబులుగా నటించారు. అంతకు ముందు ఆయన కనపడగానే నవ్విన జనమే అక్కడ కన్నీళ్ళు పెట్టుకున్నారు. మనిషి అదే, గొంతు అదే. పాత్ర మారితే తాను మారటమే నటన.

4. మనకు పాఠం

కొన్ని సినిమాల్లో గిరిజనులకు ఈకలు కట్టి, అర్థంలేని కూతలు కూయించి నవ్విస్తారు. అది చూసి హాల్లో అందరూ నవ్వుతుంటే మనం ఎటు చూడాలో తెలియదు. సుత్తి జంట ఆటలో నవ్వు ఎవరి కులం మీదా, ఎవరి యాస మీదా లేదు. అతిగా మాట్లాడే అలవాటు మీద ఉంది. ఆ అలవాటు కలెక్టరుకైనా ఉండొచ్చు, కూలికైనా ఉండొచ్చు, మనకైనా ఉండొచ్చు. అందుకే అందరూ కలిసి నవ్వారు.

మనలో కొందరు ఇంట్లో లంబాడీ మాట్లాడతాం, కొందరు ఎరుకల భాష మాట్లాడతాం. హాస్టల్ డే నాటికలో ఒకడి యాసను వెక్కిరిస్తే మిగతా అందరూ నవ్వొచ్చు గానీ వాడు ఆ రాత్రి అన్నం సరిగ్గా తినడు. పేర్లు పెట్టడం కూడా అంతే. 'సుత్తి' పేరు వారి పనికి వచ్చింది, ఒంటి రంగుకో తండాకో కాదు. అందుకే దానిని బిరుదులా మోశారు.

అభ్యాసం:
1. రేడియో నటుడికి గొంతు ఎందుకు ముఖ్యం?
2. వినటం కూడా నటనే. ఎలాగో మీ మాటల్లో రాయండి.
3. ఇద్దరిద్దరు జట్టు కట్టండి. ఒకరు మెస్ సాంబారు గురించి రెండు నిమిషాలు ఆపకుండా మాట్లాడాలి. రెండోవారు నోరు విప్పకుండా ముఖంతోనే నవ్వించాలి. తర్వాత మారండి.