డిగ్రీని గుర్తించారు సరే, పని ఇస్తారా?

కెనడాలో 2021 జనాభా లెక్కల్లో ఒక చేదు నిజం బయటపడింది. వేరే దేశంలో డిగ్రీ చదివి వచ్చి అక్కడ స్థిరపడినవారిలో నాలుగో వంతు మందికి పైగా, హైస్కూలు చదువు సరిపోయే పనుల్లో ఉన్నారు. కెనడాలో పుట్టినవారు, అక్కడే డిగ్రీ చేసినవారితో పోలిస్తే ఇది రెట్టింపు. వీళ్లలో ఎంతోమందిని ఆ దేశం చదువు చూసే, పాయింట్లు లెక్కగట్టే రమ్మంది. గోదాములో పెట్టెలు సర్దినా, ట్యాక్సీ నడిపినా అది కష్టార్జితమే, చిన్నతనమేమీ లేదు. కానీ బీఫార్మసీ చదువు, సైటు మీద ఏళ్ల తరబడి గడించిన అనుభవం అలా పక్కన పడిపోతే ఆ మనిషికీ నష్టమే, ఆ దేశానికీ నష్టమే. హైదరాబాద్, విజయవాడల నుంచి కెనడాకు సిద్ధమవుతున్నవారు దీని గురించి ఇక్కడ ఉండగానే ఆలోచించాలి.

చిక్కు ఎక్కువగా ఈసీఏ, అంటే విదేశీ చదువు మదింపు దగ్గర మొదలవుతుంది. శాశ్వత నివాసానికి (పీఆర్) ఎక్స్‌ప్రెస్ ఎంట్రీ పద్ధతిలో దరఖాస్తు చేసేటప్పుడు డబ్ల్యూఈఎస్ వంటి సంస్థ మన డిగ్రీని చూసి ఇది కెనడా డిగ్రీకి సమానం అని నివేదిక ఇస్తుంది. అది చేతికి రాగానే మన చదువు చెల్లుతుందని ఇంటిల్లిపాదీ సంతోషిస్తారు. కానీ ఆ నివేదిక పనికొచ్చేది ప్రధానంగా ఇమ్మిగ్రేషన్ పాయింట్లకు. వైద్యం, నర్సింగ్, ఫార్మసీ, ఇంజినీరింగ్, టీచింగ్ వంటి వృత్తులకు లైసెన్సు వేరే ఉంటుంది. దాన్ని ఇచ్చేది ఏ ప్రావిన్సుకు ఆ ప్రావిన్సులోని వృత్తి సంస్థ. అందుకే మీ మొదటి ప్రశ్న ‘పీఆర్ ఎప్పుడు వస్తుంది?’ అన్నది కాకూడదు. ‘నేను వెళ్లే ప్రావిన్సులో నా వృత్తికి లైసెన్సు కావాలా?’ అని ముందు తెలుసుకోండి. కెనడా ప్రభుత్వ జాబ్ బ్యాంక్ వెబ్‌సైట్‌లో మీ ఉద్యోగం పేరు, ప్రావిన్సు కొడితే ఆ సంగతి కనిపిస్తుంది.

ఫార్మసీ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. మన రాష్ట్రాల్లో ఫార్మసీ కాలేజీలు చాలా ఉన్నాయి, ఈ దారిలో వెళ్లేవారూ చాలామందే. కెనడాలోని చాలా ప్రావిన్సుల్లో ఫార్మసిస్టు కావాలంటే పీఈబీసీ అనే ఫార్మసీ పరీక్షల సంస్థ ముందు మీ పత్రాలు పరిశీలిస్తుంది. తర్వాత ఎవాల్యుయేటింగ్ పరీక్ష, ఆపై క్వాలిఫైయింగ్ పరీక్ష. ఈ రెండోదాంట్లో రాతపరీక్షతో పాటు, రోగితో మాట్లాడి మందుల గురించి వివరించే ప్రాక్టికల్ కూడా ఉంటుంది. ఆ తర్వాత ప్రావిన్సు నిబంధనల ప్రకారం శిక్షణ, చట్టాలపై పరీక్ష, ఇంగ్లిష్ పట్టుకు రుజువు చూపాలి. విడివిడిగా చూస్తే ఏదీ అసాధ్యం కాదు. అయితే దిగాక అద్దె కట్టుకుంటూ, రాత్రి షిఫ్టులు చేస్తూ వీటన్నిటినీ మొదటినుంచి మొదలుపెట్టేవారు మధ్యలోనే అలసిపోతారు. పత్రాల పరిశీలన ఇక్కడినుంచే మొదలుపెట్టవచ్చు. యూనివర్సిటీ నుంచి ట్రాన్స్‌క్రిప్టులు నేరుగా పంపించాల్సి వస్తుంది కాబట్టి, ఆ పని మనం ఊళ్లో ఉన్నప్పుడే తేలిక.

చాలా ప్రావిన్సుల్లో నర్సులకు 2015 నుంచి ఎన్‌క్లెక్స్-ఆర్‌ఎన్ ఉంది, అమెరికాలో నర్సులు రాసే పరీక్షే. బీఎస్సీ నర్సింగ్ చేసినవారి కంటే జీఎన్‌ఎం వారికి దారి కాస్త కష్టం.

ఇంజినీర్లకు ఒక మంచి మార్పు వచ్చింది. ఒంటారియోలో పీ.ఇంజ్. (ప్రొఫెషనల్ ఇంజినీర్) లైసెన్సుకు కెనడాలో కనీసం ఏడాది పనిచేసి ఉండాలన్న షరతును 2023లో ఎత్తేశారు. అంటే మన దేశంలోని అనుభవానికి విలువ ఉంది, కాకపోతే కాగితం మీద చూపించగలగాలి. రిలీవింగ్ లెటర్ చాలదు. ఏ ప్రాజెక్టు, ఏ డిజైన్, ఎవరి పర్యవేక్షణలో, ఎంతకాలం చేశారో రాసిన లేఖను మీ మేనేజరు ఉద్యోగం మారకముందే తీసుకోండి.

లైసెన్సు అక్కర్లేని సాఫ్ట్‌వేర్, మార్కెటింగ్, అకౌంట్స్ వంటి చోట్ల అడ్డంకి మరో రూపంలో ఎదురవుతుంది: ‘కెనడియన్ ఎక్స్‌పీరియన్స్ ఉందా?’ టొరంటో ఆర్థికవేత్త ఫిలిప్ ఓరియోపౌలోస్ వేల సంఖ్యలో రెజ్యూమేలు కంపెనీలకు పంపి చేసిన పరిశోధన 2011లో అచ్చయింది. ఇంగ్లిష్ పేర్లున్న రెజ్యూమేలకు, అంతే అర్హతలున్న భారతీయ, చైనా, పాకిస్థానీ పేర్ల రెజ్యూమేల కంటే 35 నుంచి 40 శాతం ఎక్కువగా పిలుపులొచ్చాయి. విదేశీ అనుభవం స్థానంలో కెనడా అనుభవం చూపితే పిలుపులు పెరిగాయి. కాబట్టి ఉద్యోగం రాలేదని తమనే తాము తక్కువ చేసుకునే పిల్లలకు ఇది తెలియాలి, తప్పంతా వాళ్లది కాదు. కెనడియన్ అనుభవం కచ్చితంగా ఉండాలనడం ప్రథమదృష్ట్యా వివక్షేనని ఒంటారియో మానవ హక్కుల కమిషన్ 2013లోనే చెప్పింది. అయినా అలవాట్లు అంత త్వరగా మారవు.

అందుకే మొదటి ఉద్యోగం ఎంచుకోవడంలో జాగ్రత్త అవసరం. పూట గడవడానికి ఏదో ఒక సర్వైవల్ జాబ్ చేయాల్సిరావచ్చు, చేయండి. కానీ అదే పని రెండేళ్లు సాగితే రెజ్యూమేలో మీ అసలు వృత్తి వెనక్కి జరిగిపోతుంది. వీలైనంతవరకు మీ రంగానికి దగ్గరగా ఉన్న పని వెతకండి. ఫార్మసిస్టుకు ఫార్మసీ అసిస్టెంట్ పని అలాంటిదే, చాలా ప్రావిన్సుల్లో దానికి లైసెన్సు అక్కర్లేదు. ఇంజినీరు లైసెన్సున్న ఇంజినీరు పర్యవేక్షణలో పనిచేయవచ్చు. జీతం తక్కువైనా, రేపు మీ గురించి చెప్పగలిగిన మనిషి ఒకరు దొరుకుతారు.

చదువుకోడానికి వెళ్లే విద్యార్థులకు మరో హెచ్చరిక. బీటెక్ చేసి, సీటు తేలిగ్గా వస్తోందని ఏదో ఒక కాలేజీ డిప్లొమాలో చేరడం ప్రమాదకరం. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసి డిగ్రీ కాని కోర్సుల్లో చేరినవారికి, ఆ కోర్సు ప్రభుత్వం చెప్పిన రంగాల జాబితాలో ఉంటేనే చదువయ్యాక వర్క్ పర్మిట్ వస్తుంది. ఆ జాబితా మారుతుంటుంది. ఏజెంటు మాట మీద ఫీజు కట్టేయకుండా, కెనడా ఇమ్మిగ్రేషన్ శాఖ సైట్‌లో మీ కోర్సు ఉందో లేదో స్వయంగా చూసుకోండి.

పీఆర్ ఆమోదం వచ్చినవారికి, బయలుదేరకముందే ఉచితంగా మార్గదర్శనం చేసే ప్రీ-అరైవల్ సేవలకు కెనడా ప్రభుత్వం నిధులిస్తూ వచ్చింది. లైసెన్సు దారి, రెజ్యూమే తీరు, మీ రంగంలో ఉద్యోగాలు ఎక్కడున్నాయో అక్కడ అడగవచ్చు. అవి ఇప్పుడు అందుతున్నాయో లేదో చూసుకుని, విమానం టికెట్ కొనే ముందే వాటిలో పేరు నమోదు చేసుకోండి.