పేరు తీసేసినా మనిషిని పట్టిచ్చే వీక్షణ చరిత్ర

1987లో రాబర్ట్ బోర్క్‌ను అమెరికా సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ప్రతిపాదించారు. అదే సమయంలో వాషింగ్టన్‌లోని ఒక వారపత్రిక, ఆయన కుటుంబం వీడియో దుకాణంలో అద్దెకు తీసుకున్న సినిమాల జాబితా సంపాదించి కథనం ప్రచురించింది. జాబితాలో ఉన్నవి మామూలు సినిమాలే. అయినా ఇంట్లో ఎవరు ఏం చూస్తున్నారో దుకాణదారు బయటపెట్టవచ్చా అన్న ప్రశ్న తలెత్తింది. దాని ఫలితమే 1988లో వచ్చిన వీడియో గోప్యతా పరిరక్షణ చట్టం.

ఫలానా వ్యక్తి ఫలానా వీడియో చూశారని తెలిపే సమాచారాన్ని, వారి అనుమతి లేకుండా, తెలిసి ఇతరులకు ఇస్తే ఆ వ్యక్తి దావా వేయవచ్చు. కోర్టు 2,500 డాలర్లకు తగ్గని పరిహారం ఇప్పించవచ్చు. కొన్ని మినహాయింపులూ ఉన్నాయి. క్యాసెట్ల కాలంలో పుట్టిన ఈ చట్టం ఆన్‌లైన్ వీడియో సేవలకూ వర్తించగలదని 2012లో హులు కేసులో ఫెడరల్ కోర్టు పేర్కొంది.

మరి పేరు తొలగించి ఇస్తే?

2006లో నెట్‌ఫ్లిక్స్ తన సిఫారసు పద్ధతిని మెరుగుపరిచేవారికి 10 లక్షల డాలర్ల బహుమతి ప్రకటించింది. అందుకోసం సుమారు 4,80,000 మంది చందాదారులు ఇచ్చిన 10 కోట్లకు పైగా రేటింగ్‌లను, పేర్లు తీసేసి విడుదల చేసింది. టెక్సాస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అరవింద్ నారాయణన్, విటాలీ ష్మాటికోవ్ ఆ రక్షణ ఎంత పలచనిదో 2008లో చూపారు.

అందరూ చూసే సినిమా ఒక మనిషి గురించి చెప్పేది తక్కువ. కొద్దిమందే చూసే సినిమా ఎక్కువ చెబుతుంది. అలాంటివి నాలుగైదు కలిస్తే, ఆ కలయిక వేలిముద్రలా ఒక్కరికే సరిపోతుంది. ఎనిమిది రేటింగ్‌లు తెలిస్తే చాలు. వాటిలో రెండు తప్పయినా, తేదీల్లో 14 రోజుల తేడా ఉన్నా, 99 శాతం రికార్డులను విడిగా గుర్తించవచ్చని వారి లెక్క. మరో సైట్‌లో అదే వ్యక్తి బహిరంగంగా ఇచ్చిన రేటింగ్‌లతో పోలిస్తే పేరూ బయటపడుతుంది.

2009లో ఒక తల్లి పేరు వెల్లడించకుండా దావాలో చేరారు. తన లైంగిక అభిరుచి బయటపడితే పిల్లలకూ నష్టమన్నది ఆమె ఆందోళన. 2010లో రాజీ కుదిరింది. రెండో విడత పోటీ రద్దయింది.

భారతదేశంలో వీడియోలకు ప్రత్యేక చట్టం లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దశలవారీగా అమల్లోకి వస్తోంది. దాని ప్రకారం, మనిషిని గుర్తించగలిగే డేటా ఏదైనా వ్యక్తిగత డేటాయే. డేటాను ఏ సంస్థలకు ఇచ్చారో అడగడం, ఇచ్చిన సమ్మతిని వెనక్కి తీసుకోవడం, తొలగించమని కోరడం అందులోని హక్కులు. ‘పేరు తీసేశాం’ అని ఒక సంస్థ చెప్పినంత మాత్రాన ఆ హక్కులు తీరిపోయినట్టు కాదు. మిగిలిన వివరాలతో మనిషిని గుర్తించగలమా అన్నదే అసలు ప్రశ్న.