కోపం ఇంటికి చేరే వేళ: చేయవలసినవి, చేయకూడనివి

అత్త మీద కోపం దుత్త మీద చూపడం మన ఇళ్లలో రోజూ జరిగేదే. ఆఫీసులో పడ్డ మాటలు, ఈఎంఐ గడువు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న చిరాకు, అన్నీ కలిసి సాయంత్రం ఇంటికొస్తాయి. లెక్క తప్పు చేసిన పిల్లవాడి మీదో, మాత్ర వేసుకోవడం మరిచిన అమ్మ మీదో విరుచుకుపడతాం. కోపం రావడం సహజం. అది ఎవరి మీద, ఎలా బయటపడుతుందన్నది మాత్రం మన చేతుల్లో ఉంది.

కోపం వచ్చినప్పుడు ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, బీపీ ఎక్కుతుంది, కండరాలు బిగుసుకుంటాయి. గొడవ ఆగగానే ఇవి తగ్గిపోవు, కొంతసేపు పడుతుంది. కాబట్టి ముందు ఒళ్లు చల్లబడాలి, మాట ఆ తర్వాతే.

చేయవలసినవి

• తొలి గుర్తులు పట్టుకోండి. పళ్లు బిగుసుకోవడం, చెవులు వేడెక్కడం, గొంతు పెరగడం మొదలైందంటే అక్కడే ఆగండి.

• చెప్పి పక్కకు వెళ్లండి. "ఇప్పుడు కోపంగా ఉన్నాను, అరగంట ఆగి మాట్లాడుకుందాం" అనండి. అన్నట్టే తిరిగి రండి. ఏమీ చెప్పకుండా తలుపేసుకుంటే అవతలివాళ్లకు అది శిక్షలా తగులుతుంది.

• ఊపిరి నెమ్మదించండి. 4 అంకెలు లెక్కపెడుతూ ముక్కుతో గాలి పీల్చి, 6 అంకెలు లెక్కపెడుతూ వదలండి. ఇలా 5 నిమిషాలు చేయండి. ఊపిరి వదిలే సమయం పెరిగితే గుండె వేగం తగ్గుతుంది.

• ఇంట్లోకి రాగానే హోంవర్క్ పుస్తకం పట్టుకోకండి. కాళ్లూ చేతులూ కడుక్కుని, ఏదైనా తిని, కాసేపు కూర్చోండి. ఆకలి, అలసట కోపాన్ని రెట్టింపు చేస్తాయి.

• మీ ఇబ్బంది చెప్పండి. "నువ్వెప్పుడూ ఇంతే" అనే బదులు "ముందే చెప్పి ఉంటే నాకు ఈ కంగారు ఉండేది కాదు" అనండి. మొదటిది గొడవ పెంచుతుంది, రెండోది దారి చూపుతుంది.

• రాత్రి కనీసం 7 గంటలు నిద్రపోండి. వారానికి మొత్తం 150 నిమిషాలైనా చురుగ్గా నడవండి.

• అరిచి ఉంటే క్షమించమని అడగండి, పిల్లలనైనా సరే. పెద్దవాళ్లు తప్పు ఒప్పుకుంటే వాళ్లూ అదే నేర్చుకుంటారు.

చేయకూడనివి

• కోపంలో బండి తాళాలు తీసుకోకండి. వేగం, ఓవర్‌టేకు, ఎదుటివాడితో గొడవ వెంటే వస్తాయి.

• దిండు గుద్దడం, గిన్నెలు విసరడం వద్దు. అలా చేస్తే కోపం తీరిపోతుందనుకుంటాం. అది ఇంకా రగులుతుందనే పరిశోధనల్లో తేలింది.

• మందు తాగి మరచిపోదామనుకోకండి. మత్తు మన అదుపును సడలిస్తుంది, నిద్రనూ చెడగొడుతుంది.

• ఫ్యామిలీ గ్రూపులో అప్పటికప్పుడు మెసేజ్ పెట్టకండి. రాసినా, పొద్దున్నే మళ్లీ చదివాకే పంపండి.

• పాత సంగతులు తవ్వకండి, పుట్టింటివాళ్లను లాగకండి. ఇవాళ్టి సమస్య వరకే మాట్లాడండి.

• అన్నీ లోపలే దాచుకోకండి. నమ్మకమైన ఒక్కరితోనైనా చెప్పుకోండి.

• పిల్లల మీద గానీ, ఎవరి మీద గానీ చెయ్యెత్తకండి. దీనికి మినహాయింపు లేదు.

సాయం అడగాల్సిన సమయం

చెయ్యి లేస్తున్నా, ఇంట్లోవాళ్లు మిమ్మల్ని చూసి బెదురుతున్నా, వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ఆలస్యం చేయవద్దు. టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. కేంద్ర ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఈ మానసిక ఆరోగ్య సేవ 24 గంటలూ ఉచితంగా, తెలుగులోనూ అందుతుంది. కోపంతో పాటు ఛాతీలో నొప్పి, ఆయాసం వస్తే 108కి ఫోన్ చేయండి.

ఇంట్లో దెబ్బలు తింటున్నవారికి ఒక మాట: ఎదుటివారి కోపానికి బాధ్యులు మీరు కారు, దాన్ని ఓర్చుకోవడం మీ ధర్మమూ కాదు. మహిళలు 181కి, పిల్లలు 1098కి, ప్రమాదం దగ్గరపడితే ఎవరైనా 112కి ఫోన్ చేయవచ్చు. ఈ నంబర్లు ఇవాళే ఫోన్‌లో సేవ్ చేసుకోండి.