మూడేండ్ల నాలుగు నెలల సొమ్ము

చిరంజీవి మేనల్లునికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

నీవు ఉద్యోగము మారుచున్నావనియు, పాతచోటి పీఎఫ్ సొమ్మంతయు తీసి కారునకు డౌన్ పేమెంటుగా కట్టదలచితివనియు మీ అమ్మ నిన్న ఫోనులో చెప్పగా, కారు మాట నాకంత పట్టలేదు గాని, ఆ సొమ్ము మాట విన్నది మొదలు నిద్రపట్టలేదు.

నీ సర్వీసు మూడేండ్ల నాలుగు నెలలే. ఐదేండ్లు నిండకమునుపు తీసికొన్నచో, యజమాని జమచేసిన వాటాయు దానిపై వడ్డీయు నీ జీతముగాను, నీ వాటాపై పెరిగిన వడ్డీ ఇతరాదాయముగాను పన్నులెక్కకు వచ్చుటయే గాక, నీ వాటాను చూపి లోగడ పొందిన తగ్గింపు సైతము తిరిగివచ్చి నెత్తిన కూర్చుండును. సొమ్ము 50,000 రూపాయలకు తగ్గనిచో 10 శాతము టీడీఎస్ కోసిగాని చేతికీయరు. పాన్ జతపరచకున్న 20 శాతము. ఆ కోతతో పీడ వదలినదని నీ యీడువారు భ్రమింతురు. 30 శాతము శ్లాబులోనున్నవాడు తక్కినది రిటర్ను వేయునాడు జేబునుండి కట్టవలసినదే. పన్ను కోయవద్దను స్వీయప్రకటన ఫారము నింపుమని ఎవడైన చెప్పిన వినకుము; అది ఏడాది ఆదాయముపై పన్నే పడనివారికి.

నేను మొదటి ఉద్యోగమును నాలుగేండ్ల పది నెలలకు విడిచినప్పుడు, ముసలి గుమాస్తా కళ్లద్దములు నుదుటిపైకి నెట్టి, "రెండు నెలలాగరాదా బాబూ" అనెను. ఆగక, ఆ సొమ్ముతో స్కూటరు కొంటిని. మార్చినెల జీతము పన్నుకోతకే చాలక, పెట్రోలుకు పైకము లేక, అది నెల్లాళ్లు గోనెపట్టా కప్పుకొని వసారాలో నిలిచినది. మీ అత్తయ్య నేటికిని దెప్పును.

కావున తీయవలదు, కొత్త సంస్థ ఖాతాకు బదిలీ చేయించుము. అట్లయిన పాత సర్వీసు కొత్తదానితో కలిసి, మఱి ఒక ఏడాది ఎనిమిది నెలలకు ఐదేండ్లు నిండును. అనారోగ్యముచేతనో, సంస్థ మూతపడుటచేతనో పని పోయినవారికి ఈ గడువు అడ్డురాదు గాని, మెరుగైన జీతమునకై స్వయముగా విడిచిన నీకు ఆ దారి లేదు.

బదిలీ ఆటంకము లేక సాగుటకు, నీవు పని విడిచిన తేదిని పాతవారు నమోదుచేసిరేమో చూచుకొనుము. చేయకున్న, చివరి జమ పడిన రెండు నెలల పిదప నీవే చేసికొనవచ్చును. నీ పేరులో ఒక అక్షరము ఆధార్‌లో ఒకరీతి, పీఎఫ్ ఖాతాలో వేఱొకరీతి యున్నదని నీవే ఒకప్పుడు చెప్పితివి; ముందు అది దిద్దించుకొనుము. కారు సంగతి సంక్రాంతికి వచ్చినప్పుడు మాటలాడుదము.

ఇట్లు,
మామయ్య