వైద్యవిద్యలో పరిశోధన: ఎక్కడ మొదలుపెట్టాలి?

పరిశోధన అనగానే మనవాళ్ళకు ఎలుకలు, గాజు గొట్టాలు, ఖరీదైన యంత్రాలు గుర్తుకొస్తాయి. పాఠం చెప్పే తీరు మీదా, నేర్చుకునే తీరు మీదా కూడా పరిశోధన చేయవచ్చునంటే నవ్వేసేవాళ్ళే ఎక్కువ. కాకినాడ రంగరాయ వైద్య కళాశాల 1958లో మొదలైంది. రాజమండ్రి, ఏలూరులలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. ఇన్ని తరగతి గదుల్లో ఏ విధంగా చెబితే విద్యార్థికి పని వస్తున్నదో ఎవరో ఒకరు చూడవద్దా?

ముందు ప్రశ్న కావాలి. అది లైబ్రరీలో కన్నా వార్డులోనే త్వరగా దొరుకుతుంది. కోనసీమ నుంచి వచ్చిన ముసలమ్మ "కళ్ళు తిరుగుతున్నాయి బాబూ" అంటుంది. గది గిర్రున తిరుగుతున్నదా, లేక చీకట్లు కమ్మి పడిపోబోయిందా? మొదటిదైతే చెవి లోపలి జబ్బు కావచ్చు, రెండవదైతే గుండె జబ్బో, రక్తహీనతో కావచ్చు. ఆ మాట అడగకుండానే కేసు షీటులో "వర్టిగో" అని పడుతుంది. పుస్తకం ఇంగ్లీషులో, రోగం తెలుగులో! ఇక్కడ నష్టపోయేది ముసలమ్మే.

"విద్యార్థులకు భాష నేర్పడం ఎలా?" అన్నది ప్రశ్న కాదు, ఉపన్యాసానికి పేరు. "రోగుల మాటలతో రెండు వారాలు శిక్షణ పొందిన రెండవ సంవత్సరం విద్యార్థులు, మామూలు పోస్టింగు చేసినవాళ్ళకన్నా హిస్టరీ బాగా రాబట్టగలరా?" అంటే ఎవరికి, ఏమిటి, దేనితో పోల్చి అన్నది తేలిపోతుంది. ఇదివరకు ఎవరైనా చేశారేమో అప్పుడు వెతకాలి.

ఇక కొలవడం. "క్లాసు బాగుందండీ" అనిపించుకోవడం కొలత కాదు. బాగుందన్నవాళ్ళందరికీ పాఠం వచ్చినట్టు కాదు గదా! డండీలో హార్డెన్ బృందం 1975లో ప్రకటించిన ఓస్కీ పరీక్ష ఇందుకు పనికొస్తుంది: ఒకే రోగి పాత్ర, ఒకే సమయం, ముందే రాసుకున్న మార్కుల పట్టిక. మార్కులు వేసేవారికి ఎవరు ఏ జట్టో తెలియకూడదు.

ఒకే జట్టుకు ముందూ వెనకా పరీక్ష పెడితే చాలదు. రెండు వారాలు వార్డులో తిరిగితే ఎవరైనా కొంత మెరుగవుతారు. అందుకే రెండో జట్టు. అయితే మన హాస్టళ్ళ సంగతి తెలిసిందే, పొద్దున ఇచ్చిన కాగితం రాత్రి మెస్సులో అందరి చేతుల్లోనూ ఉంటుంది. కనుక ముందు వచ్చే పోస్టింగు బ్యాచిని మామూలుగా పోనిచ్చి కొలిచి, తరువాతి బ్యాచికి శిక్షణ ఇవ్వడం మేలు. మొదటివాళ్ళకూ ఆఖర్న ఆ శిక్షణ ఇచ్చేయాలి.

మాస్టారే అడిగితే కాదనే విద్యార్థి ఎవరు? అందుచేత సమ్మతి తీసుకునేది మార్కులు వేయని మనిషి కావాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి పని మొదలుపెట్టకముందే రావాలి, వ్యాసం రాసేటప్పుడు కాదు. ఎంతమంది కావాలో గణాంక శాస్త్రం తెలిసినవారిని కూడా అప్పుడే అడగాలి.

ఐ.సి.ఎం.ఆర్. 1979లో ఎం.బి.బి.ఎస్. విద్యార్థుల కోసమే స్వల్పకాలిక స్టూడెంట్‌షిప్ ప్రారంభించింది. గైడు కింద రెండు నెలల పని. ఆ వ్యవధిలో ఇమిడేంత చిన్నదిగా ప్రశ్నను కుదించి, పేజీన్నరలో రాసి గైడుకు చూపించండి. తరువాత పదిమంది మీద పట్టికను పరీక్షించి చూడండి. ఆ పదిమందిని మాత్రం అసలు లెక్కలో కలపకండి.