మరమ్మతుకు తగిన వెల

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్ మరమ్మతు నేడు వేలమంది యువకులకు జీవనోపాధి. కంటికి కనిపించని వైరస్‌ను తొలగించే పనికి వెల ఎలా కట్టాలి? ఆ వెలలో పనిమంతుని ధర్మమేమిటి, పని చేయించుకొనేవారి ధర్మమేమిటి? ఈ విషయాలను వివరించడమే ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పూర్వం మన పల్లెల్లో కర్రు సాగగొట్టిన కమ్మరికి, నాగలి చెక్కిన వడ్రంగికి పని జరిగినప్పుడల్లా డబ్బు ఇచ్చే ఆచారం లేదు. పంట నూర్చిన తరువాత కళ్లంలోనే వారికి ధాన్యం కొలిచి ఇచ్చేవారు. దానిని 'మేర' అనేవారు. ఆ పద్ధతిలో లోపాలు లేకపోలేదు. వృత్తి పుట్టుకతో ముడిపడి ఉండేది. పంట పోతే పనివాని కడుపూ మాడేది. కనుక ఆ రోజులు మళ్ళీ రావాలని కోరనక్కరలేదు. కాని అందులో ఒక మంచి ఉన్నది. దుక్కి అదునులో కర్రు విరిగినంత మాత్రాన వెల పెరిగేది కాదు. అవసరం రాకముందే మాట కుదిరి ఉండేది.

నేటి మరమ్మతు దుకాణంలో కొరవడుతున్నది ఆ ముందు మాటే. పరీక్షలకు వారం ముందు ఒక విద్యార్థిని కంప్యూటర్ మొరాయించిందనుకుందాం. ఆమె రాసుకొన్న ప్రాజెక్టు అంతా అందులోనే ఉన్నది. "వైరస్ పట్టింది, అంతా పోతుంది" అని దుకాణదారుడు అనగానే ఆమె ఎంత అడిగితే అంత ఇస్తుంది. అప్పుడు ఆమె చెల్లించేది పనికి వెల కాదు, భయానికి వెల.

ఇతర మరమ్మతులకూ దీనికీ ఒక భేదం ఉన్నది. సైకిలు చక్రం వంగితే వంగినట్లు కనిపిస్తుంది. సరిచేస్తే సరి అయినట్లు కనిపిస్తుంది. వైరస్ అలా కాదు. అది ఉన్నదో లేదో, పోయిందో పోలేదో సామాన్యునికి తెలియదు. 1986లో లాహోరులో తయారైన 'బ్రెయిన్' ఫ్లాపీల ద్వారా వ్యాపించింది. 2017 మే నెలలో 'వానాక్రై' అనేక దేశాల కంప్యూటర్లలోని దస్త్రాలకు తాళం వేసి, విడిపించడానికి 300 డాలర్లు చెల్లించమన్నది. ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఇటువంటి వార్తలు విన్నవారికి వైరస్ అన్న మాటే బెదురు పుట్టిస్తుంది. ఆ బెదురును సొమ్ము చేసుకోకపోవడమే ఈ వృత్తిలో మొదటి నీతి.

అయితే న్యాయమైన వెల అంటే తక్కువ వెల అని అర్థం కాదు. ఒక లెక్క చూద్దాం. ఒక పనిమంతునికి నెలకు దుకాణం అద్దె 8,000, విద్యుత్తు, ఇంటర్నెట్ ఖర్చు 3,000, పరికరాలకు 4,000, ఇల్లు గడవడానికి 25,000 రూపాయలు కావాలనుకుందాం. మొత్తం 40,000. నెలకు 25 రోజులు, రోజుకు 8 గంటల చొప్పున 200 గంటలు కూర్చున్నా, వచ్చినవారితో మాట్లాడడానికి, విడిభాగాలు తేవడానికి సగం కాలం పోతుంది. మిగిలిన 100 గంటలకే కూలి దక్కుతుంది. అంటే గంటకు 400 రూపాయలు రాకపోతే దుకాణం నిలవదు. "రెండు మీటలు నొక్కినందుకు ఇంత డబ్బా?" అనేవారు ఈ లెక్కను గమనించాలి. ఏ మీట నొక్కాలో తెలుసుకోవడానికి పట్టిన ఏళ్ళకు కూడా ఆ వెలలో భాగమున్నది.

ఇక రెండవ వైపు చూద్దాం. వైరస్ కోసం కంప్యూటర్‌ను గాలించడానికి నాలుగు గంటలు పట్టవచ్చు. ఆ గాలింపు యంత్రమే చేస్తుంది. ఆ సమయంలో పనిమంతుడు మరో యంత్రం విప్పుకొని కూర్చుంటాడు. అతడు నిజంగా మనసు పెట్టినది గంటంబావు అయితే న్యాయమైన కూలి 500 రూపాయలు. నాలుగు గంటలకు లెక్కగట్టి 1,600 అడగడం అన్యాయం. యంత్రం పడిన శ్రమకు కాక మనిషి పెట్టిన శ్రద్ధకే వెల కట్టాలి.

ఈ సూత్రం నుండి మరికొన్ని నియమాలు పుడతాయి. లోపం కనుగొనడానికి చిన్న రుసుము తీసుకోవచ్చు. మరమ్మతు చేయిస్తే దానిని బిల్లులో మినహాయించడం మర్యాద. వైరస్ తొలగించడం, దస్త్రాలను భద్రపరచడం, విండోస్‌ను తిరిగి ఎక్కించడం వేరువేరు పనులు. వాటి వెలలు వేరువేరుగా చెప్పాలి. విడిభాగం వెల, కూలి బిల్లులో విడివిడిగా ఉండాలి. బాగుచేయడానికయ్యే ఖర్చు పాత యంత్రం విలువను మించిపోతుంటే, ఆ సంగతి పనికి పూనుకోకముందే చెప్పాలి. దొంగ నకలు సాఫ్ట్‌వేర్ ఎక్కించి వెల తగ్గించడం చౌక కాదు. అది కాపీరైట్ చట్టానికి విరుద్ధం, పైగా కొత్త వైరస్‌కు దారి.

పుణెలో కాలిక్యులేటర్ల మరమ్మతుతో జీవనం మొదలుపెట్టిన కైలాశ్ కాట్కర్ తరువాత కంప్యూటర్ల మరమ్మతు చేపట్టాడు. తమ్ముడు సంజయ్ వైరస్‌లను తొలగించే ప్రోగ్రాములు రాశాడు. 1990ల్లో అదే 'క్విక్ హీల్'గా రూపొందింది. ఒకనాడు అరుదైన ఆ విద్య నేడు అందరికీ అందుబాటులోకి వచ్చింది. విండోస్‌తోపాటే డిఫెండర్ అనే రక్షణ ప్రోగ్రాము ఉచితంగా లభిస్తున్నది. కాబట్టి సులువైన పని వచ్చినప్పుడు "ఇది మీరే ఇంట్లో చేసుకోవచ్చు" అని చెప్పగలిగినవాడే నిజమైన పనిమంతుడు. ఆనాడు అతడు పోగొట్టుకొనేది ఒక బేరం. సంపాదించుకొనేది ఒక జీవితకాలపు నమ్మకం.

చట్టం కూడా ఈ నమ్మకానికి అండగా ఉన్నది. 2020 జూలై 20న అమలులోకి వచ్చిన 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం, అందించిన సేవకు బిల్లు ఇవ్వకపోవడాన్ని, నమ్మి అప్పగించిన వ్యక్తిగత సమాచారాన్ని అక్రమంగా బయటపెట్టడాన్ని అనుచిత వ్యాపార పద్ధతులుగా పేర్కొన్నది. ఫిర్యాదు చేయదలచినవారు 1915 అనే జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్యకు ఫోన్ చేయవచ్చు.

వినియోగదారునికీ కొన్ని ధర్మాలున్నాయి. అంగీకరించిన వెలను పని పూర్తయిన తరువాత బేరమాడడం ఏరు దాటి తెప్ప తగలేసినట్లే. వైరస్ ఉన్న పెన్‌డ్రైవ్‌నే మళ్ళీ పెట్టి, "మీరు బాగుచేయలేదు" అనడం తగదు. పనిలో లోపం వల్ల వైరస్ తిరిగి వస్తే పనిమంతుడు ఉచితంగా చూడాలి. వాడకంలో లోపం వల్ల వస్తే మనం తిరిగి చెల్లించాలి.

మేర కొలిచిన కళ్లాలు నేడు దాదాపు కనుమరుగయ్యాయి. అయినా నేటి కార్యాలయాలు మరమ్మతుదారులతో చేసుకొనే వార్షిక నిర్వహణ ఒప్పందాలలో ఆ పాత మంచి కొత్త రూపంలో కనిపిస్తుంది. ఒప్పందం లేని చిన్న దుకాణంలోనూ గోడకు ఒక ధరల పట్టిక వేలాడదీయవచ్చు. భయం పుట్టకముందే చెప్పిన వెల, ఎదుటివారికి వివరించగలిగిన వెల, ఇచ్చేవారికీ పుచ్చుకొనేవారికీ తల వంచుకోనక్కరలేని వెల - అదే మరమ్మతుకు తగిన వెల.

పదాలు - అర్థాలు

కర్రు = నాగలి కొనకు అమర్చే ఇనుప పలక
అదును = తగిన సమయం
కళ్లం = పంట నూర్చే చోటు
రుసుము = పనికి చెల్లించే నిర్ణీత సొమ్ము
అనుచితం = తగనిది

ప్రశ్నలు

1. న్యాయమైన వెల తక్కువ వెల కాదని రచయిత ఎలా నిరూపించాడు?
2. 'మేర' పద్ధతిలోని మంచిని, లోపాలను వివరించండి.
3. "యంత్రం పడిన శ్రమకు కాక మనిషి పెట్టిన శ్రద్ధకే వెల కట్టాలి." సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలోని ఒక మరమ్మతు దుకాణానికి తగిన ధరల పట్టికను తయారుచేయండి.